ఇంకా ఎన్ని మేకులు?

బండ 1

ఈ పొద్దు సుంకులుకు లెక్కలు చెప్పడానికి కూర్చున్నప్పుడు దాని జుట్టులో వాళ్ళ నాయన నెత్తురు ఇంకా అట్టకట్టి ఉంది. తల కడగడానికి నీళ్ళు లేవు. తడిగుడ్డతో రుద్దాను. పోలేదు.

వాళ్ళ నాయన మద్దిలేటి నా తమ్ముడు. మేముండేది పాత నాపరాళ్ళ గనిలో. కొండను మెట్లు మెట్లుగా కోసి ఎవరో వదిలేసిపోయిన చోటు ఇది. ఆ కోతల్లోనే గుహలు తొలుచుకుని బతుకుతున్నాం. నీళ్ళు గని అడుగున ఒక్క గుంతలోనే ఉంటాయి. నిన్న మధ్యాహ్నం మద్దిలేటి బిందె తీసుకుని దిగాడు. దిగిన కాసేపటికి కందిరీగ వచ్చింది.

కందిరీగ అంటే పురుగు కాదు. దూడంత ఉండే ఎగిరే యంత్రం. ఎప్పుడో ఎవరో ఎవరిమీదికో వీటిని యుద్ధానికి తోలారు. తోలినవాళ్ళూ పోయారు, తోలించుకున్నవాళ్ళూ పోయారు. యుద్ధం ఆగిందని వీటికి చెప్పే దిక్కు లేదు. వెచ్చగా ఉండి కదిలేదాన్ని చూస్తే మేకు వదులుతాయి. వేలంత మేకు. ఒక్కోదాని కడుపులో ఇరవై పడతాయి. ఇరవై అయిపోతే కొండమీది టవరుకు పోయి మళ్ళీ నింపుకుని రావాలి. ఆ పోయి వచ్చే సందులోనే మా నీళ్ళు, మా కట్టెలు, మా చావులెత్తడం, అన్నీ.

మద్దిలేటి బండ చాటున దాక్కుని ఇరవై లెక్కపెట్టాడు. లేచాడు. వెనకాల రెండోది ఉందని వాడికి తెలీదు. ఇరవై ఒకటో మేకు గొంతులో దిగింది. గుహ నోట్లో నిలబడి చూస్తున్న సుంకులు ఒక్క పరుగు తీసింది. నేను వెనకాలే పాకి దాని కాలు పట్టుకుని ఈడ్చుకొచ్చేలోగా అది నాయన మెడ రెండు చేతులతో మూసేసి ఉంది, కారేది ఆపుదామని. ఆ రెండోది బడిగుహ మీదికి తిరగబట్టి మేం బతికాం.

సాయంత్రం పెద్దగుహలో అందరినీ నిలబెట్టి కావలి పెద్ద దస్తగిరి మామ తలలు లెక్కపెట్టాడు. ప్రతి దాడి తర్వాతా పెడతాడు. "నిన్నటిదాకా డెబ్బై ఒకరం. నలుగురిని తీసేయండి. అరవై ఏడుగురం" అన్నాడు. ఆయన గొంతులో ఏమీ లేదు. ఉంటే చెప్పలేడు.

తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"చౌడమ్మా, బడిగుహ కూలిపోయె. అయ్యవారు అందులోనే పాయె. ఇంక ఏ ఇంటి బిడ్డకు ఆ ఇంట్లోనే చెప్పుకోవాల. సుంకులుకు ఎనిమిది నిండినాయి గదా?"

"నిండినాయి మామా."

"దాడి వచ్చినప్పుడు పిల్లలు దాక్కునే బొక్కలో ఉండే ఐదుమందిలో అదే పెద్దది. ఎన్ని మేకులు పడినాయో, ఇంకా ఎన్ని ఉన్నాయో దానికి తెలియకపోతే మిగతా నలుగురు ఏమైపోతారు? నేర్పించు. ఎట్ట నేర్పిస్తున్నావో సుద్దతో బండలమీద రాసి పెట్టు. తక్కిన ఇండ్లోళ్ళు చూసి చెప్పుకుంటారు."

అందుకే రాస్తున్నాను. లెక్కలు చేసిపెట్టే యంత్రాలు పాత ఇళ్ళల్లో ఎన్నో దొరుకుతాయి. వెలిగించొద్దు. అట్లాంటిది ఒకటి మేలుకుంటే చాలు, కందిరీగలు ఎంత దూరం నుంచైనా పసిగడతాయి. కిందటేడు ఒకాయన సరదాకు పాత ఫోను వెలిగించాడు. ఆయన గుహ ఉన్నచోట ఇప్పుడు నల్లటి గుంత ఉంది. మన తలకాయే మనకు దిక్కు.

బండ 2

కూడిక దానికి బాగానే వస్తుంది. నేలమీద పది రాతిముక్కలు ఒక వరస, కింద పది ఇంకో వరస పెట్టుకునేటట్టు గీతలు గీశాను. ఎనిమిదీ ఐదూ కలపమన్నాను. ఐదులోంచి రెండు తీసుకొచ్చి ఎనిమిది పక్కన పెట్టి పది చేసింది. మిగిలిన మూడు కింద వరసలో పెట్టి "పదమూడు" అంది. నేను చెప్పనేలేదు, తనే చేసింది. పదికి నింపుకోవడం వచ్చిన పిల్లకు కూడిక వచ్చినట్టే. మీ ఇళ్ళల్లో కూడా అట్లాగే గీతలు గీసి ఇయ్యండి, వేళ్ళమీద ఒక్కొక్కటిగా లెక్కపెట్టించొద్దు.

గొడవంతా తీసివేత దగ్గర.

"పదమూడులో నాలుగు తీసేస్తే ఎంతమే?"

పలకదు. పెదవులు బిగించింది.

"చెప్పుమే. రాళ్ళు నీ ముందరే ఉండాయి గదా. నాలుగు తీసేయి."

చేతులు వెనక్కి పెట్టుకుంది. చూపు గుహ నోటి వైపు. రెండోసారి, మూడోసారి అడిగాను. నా గొంతు పెరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. పైన ఎక్కడో మోత వినిపిస్తున్నట్టు నా చెవుల్లో ఒకటే హోరు. ఈ పిల్లకు రాకపోతే చస్తుంది, మిగతా పిల్లల్ని చంపుతుంది అని తప్ప నా తలలో ఇంకేం లేదు. దవడమీద ఒక్కటి వేశాను. అది ఏడవలేదు. కూర్చున్నచోటే ఉచ్చ పోసుకుంది. రాళ్ళు తడిసిపోయాయి.

పక్క గుహలో ఉండే మాబున్ని పరుగెత్తుకొచ్చింది. బొక్కలో ఉండే చిన్నపిల్లల్లో ఇద్దరు దాని బిడ్డలే.

"కొడితే అంకెలు రాలుతాయా చౌడక్కా?" అని నా చెయ్యి పట్టుకుంది. "దానికి రాకపోతే ముందు పొయ్యేది నా బిడ్డలు. నేనే కొట్టడంల్యా, నువ్వెందుకు కొడతావు?"

నేను ఏదో అనబోతుండగా కావలివాళ్ళ ఇనుపరేకు మోగింది.

ఈసారి రెండు వచ్చాయి. పిల్లల బొక్కకు పోయే వ్యవధి లేక మేం ముగ్గురం గుహ లోపలి గోడకు అంటుకుపోయాం. కందిరీగలు చీకట్లోకి రావు, కానీ నోటి దగ్గర ఏది కదిలినా వదలవు. ఎదురు గుహలో తలుపు మూయడానికి లేచిన కుళ్ళాయప్ప అరచెయ్యి చెక్కతలుపుకు మేకుతో అతుక్కుపోయింది. రెండో మేకు మోచేతికి. మూడోది చెవిలోకి. ఆయన కింద పడలేదు, చెయ్యి తలుపుకు ఉంది కాబట్టి వేలాడుతూనే ఉన్నాడు. ఆయన ఒంట్లోకి ఇంకా మేకులు దిగుతూనే ఉన్నాయి. ఒంట్లో వేడి ఉన్నంతసేపూ, కాస్త కదిలినంతసేపూ వాటికి మనిషి బతికే ఉన్నట్టు లెక్క.

నేను సుంకులు మొహాన్ని నా రొమ్ముకు అదుముకున్నాను, చూడకుండా. అప్పుడు నా ఎదమీద దాని పెదవులు కదలడం తెలిసింది.

"పదకొండు, పన్నెండు, పదమూడు..."

ఒక్కటి కూడా తప్పలేదు. నలభై దాకా తప్పలేదు.

బండ 3

కుళ్ళాయప్పను తలుపునుంచి ఊడదీసి పాతిపెట్టాక సుంకులును ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. రాళ్ళు బయటికి తీయలేదు.

"నిన్న నేను కొట్టింది తప్పు. ఇంక కొట్టను. నలభై దాకా అంత బాగా లెక్కపెట్టినావు గదా, మరి తీసివేత అడిగితే ఎందుకు నోరు విప్పవు?"

అది తల ఎత్తి నా మొహంలోకి చూసింది.

"తీసేస్తే వాళ్ళు యాడికి పోతారత్తా?"

"ఎవరు?"

"నలుగురిని తీసేయమన్నాడు గదా దస్తగిరి తాత. అందులో నాయన ఉన్నాడు. తాత తీసేయమనగానే అందరూ తీసేసినారు. నేను తీసేయను. నేను ఎవరినీ తీసేయను."

ఆ పిల్ల చేతుల్లో తండ్రి మెడ ఇంకా ఉంది. నేనేమో దాని ముందు రాళ్ళు పెట్టి తీసేయి, తీసేయి అని అరుస్తున్నాను.

ఆ మాట మానేశాను. వరసల్లో పదమూడు రాళ్ళు పెట్టి, "ఇరవై నిండాలంటే ఇంకా ఎన్ని కావాల?" అన్నాను. అది చటుక్కున రాళ్ళు తీసుకుని ఖాళీగీతల్లో పెడుతూ పోయింది. ఏడు. పద్దెనిమిది పెట్టాను, రెండు. ఆరు పెట్టాను. ముందు నాలుగు పెట్టి పై వరస నింపింది. కింద వరస మొత్తం ఖాళీగా ఉండడం చూసి, రాళ్ళు పెట్టకుండానే "పద్నాలుగు" అంది. తీసివేత కూడా అదే లెక్క. కిందికి దిగకుండా పైకి ఎక్కి చేయడం, అంతే.

రాళ్ళతో రెండు పూటలా ఆడాక రాళ్ళు దాచేశాను. నేను రెండు బండముక్కలు కొట్టి చప్పుడు చేస్తాను, ఆపుతాను. ఇరవైకి ఇంకా ఎన్నో అది చెప్పాలి. అన్నం తినేటప్పుడు, జుట్టు దువ్వేటప్పుడు, ఎప్పుడు పడితే అప్పుడు. తప్పు చెప్తే నేను దిద్దను. రాళ్ళు తెచ్చి ముందర పెడతాను, అదే చూసుకుని నాలుక కరుచుకుంటుంది. విసుగు రాకముందే ఆపేస్తాను. మరుసటి పూట అదే వచ్చి "కొట్టత్తా" అని అడుగుతుంది. మాబున్ని బిడ్డలు కూడా వచ్చి పక్కన కూర్చుంటున్నారు. ఐదేళ్ళ చిన్నది పది నిండడానికి ఎన్ని కావాలో చెప్పేస్తోంది.

నలభైకి, అరవైకి కూడా అదే దారి. పదిహేడు అయినాయి, నలభైకి ఎంత? ముందు ఇరవై దాకా మూడు. అక్కడినుంచి ఒక్క గంతు, ఇరవై. మొత్తం ఇరవై మూడు. సుంకులు గుహలో నిజంగానే గెంతుతూ చెప్తుంది. చిన్న అడుగు, పెద్ద గంతు.

అరవై దాకా నేర్పక తప్పలేదు. ఇప్పుడు మూడేసి వస్తున్నాయి. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. అవీ నేర్చుకుంటున్నాయి. ఇదివరకు కడుపులో ఉన్నవన్నీ వరసబెట్టి వదిలేసి పోయేవి. ఇప్పుడు కొన్ని దాచుకుని గని మీద చప్పుడు లేకుండా నిలబడుతున్నాయి. మొన్న ఇద్దరు పడుచువాళ్ళు ఆ నిశ్శబ్దాన్ని నమ్మి బయటికొచ్చారు. ఒకడికి కంట్లో, ఇంకొకడికి పొట్టలో. పొట్టలో దిగినవాడు పొద్దుగుంకేదాకా అమ్మను పిలుస్తూనే ఉన్నాడు. ఇంకా మూడు మేకులు మిగిలున్నాయని దస్తగిరి మామ లెక్క తేల్చాడు. వాళ్ళమ్మను నలుగురం కలిసి నేలకు అదిమి పట్టుకున్నాం, పోనీయకుండా. ఆమె నా ముంజేతిని ఎముక తగిలేదాకా కొరికింది.

బండ 4

ఇది ఎడమచెయ్యి లేకుండా రాస్తున్నాను. బండను పట్టుకోవడానికి మాబున్ని కూర్చుంది.

నేనూ దస్తగిరి మామా నీళ్ళగుంత నుంచి పైకి వస్తున్నాం. ఎండ నడినెత్తిన ఉంది. పిల్లలు ఐదుగురూ గుంతకు ఎదురుగా ఉండే తమ బొక్కలోనే ఉన్నారు. రేకు మోగింది. మూడు కందిరీగలు. మేం కోసి వదిలేసిన ఒక బండపలక వెనక పడ్డాం. దాని ఎత్తు నా మోకాలు దాకా కూడా లేదు.

మొదటి విడతలోనే దస్తగిరి మామకు ఛాతీలో దిగింది. ఆయన నావైపు చూసి, "లెక్క ఇడవద్దు" అన్నాడు. అంతే. నోట్లోంచి నురగ వచ్చింది. నేను లెక్క ఇడవలేదు. ఇరవై దాటింది, ముప్పై దాటింది. ముప్పై ఎనిమిదోది పలక అంచు పగలగొట్టుకుని వచ్చి నా తొడలో గుచ్చుకుంది. తొడనుంచి నేలలోకి. నన్ను అక్కడే నేలకు బిగగొట్టేసింది. ఆ నొప్పిలో అంకెలన్నీ చెదిరిపోయాయి.

అదే సమయంలో మేకులు కొన్ని పిల్లల బొక్క మీదున్న వేలాడే బండకు తగిలాయి. ఆ బండ పెళపెళమంది. ఒక జానెడు కిందికి జారింది. దుమ్ము లేచింది. లోపల చిన్నపిల్లల ఏడుపు. అది పూర్తిగా దిగితే బొక్క మూసుకుపోతుంది. అందులో గాలి వచ్చే దారి ఇంకొకటి లేదు.

కందిరీగలకు చెవుల్లేవు. అరిచాను.

"సుంకూ! ఎన్నైనాయి?"

"నలభై ఏడత్తా!"

"అరవైకి?"

నేను తల పలకకు ఆనించి చెవులు రిక్కించాను.

"మూడు... పది... పదమూడు! ఇంకా పదమూడు!"

"ఎవరూ కదలొద్దు. నేను వాటిని వదిలిస్తా. నువ్వు చెప్తా ఉండు."

పక్కన ఎవరో వదిలేసిన, ఎండకు కాలిపోతున్న ఇనుపతట్టను కర్రకు తగిలించి పైకెత్తి ఊపాను. అవి దాన్ని మనిషి అనుకున్నాయి. ఏడు మేకులు పడ్డాయి. తట్ట తూట్లు పడి ఎగిరిపోయింది.

"ఇంకా ఆరు!" అని అరిచింది.

తర్వాత అవి ఆగిపోయాయి. పైన మూడూ కదలకుండా నిలబడ్డాయి. బొక్కమీది బండ మళ్ళీ జారింది. లోపల్నుంచి మాబున్ని చిన్నది "ఊపిరాడల్యా" అని ఏడుస్తోంది. ఎదురుగుహలో మాబున్నిని ఎవరో పట్టుకున్నట్టున్నారు, దాని అరుపు మాత్రం గనంతా తిరుగుతోంది.

నా దగ్గర ఊపడానికి వెచ్చటిది ఇంకేమీ లేదు. దస్తగిరి మామ ఉన్నాడు. ఇంకా వెచ్చగా ఉన్నాడు. ఆయన చంకల కింద నా భుజం పెట్టి పైకి లేపాను. తొడలో మేకు లోపలే మెలితిరిగింది. నేను ఏమని అరిచానో నాకు తెలీదు. ఆయన తల అటూ ఇటూ ఊగింది. టప్, టప్. వీపులో. మళ్ళీ టప్. ఆయన ఒంట్లోంచి ఆ దెబ్బలు నా ఒంట్లోకి తగులుతున్నాయి. నొప్పికి దెబ్బలు విడిగా తెలియక చప్పుడునే లెక్కపెట్టాను. నాలుగు, ఐదు, ఆరు. అయిపోయాయి. ఆయన్ను కింద పడుకోబెట్టాను. మేకునుంచి తొడ పెరుక్కుని లేవబోయాను.

"లేవొద్దత్తా! ఇంకా రెండు!"

"ఆరూ అయిపోయినాయిమే! నేను లెక్కపెట్టినా!"

"నాలుగే! రెండుసార్లు ఎదురుగోడకు కొట్టుకుని మళ్ళా మోగింది. అది మేకు కాదు, గోడ!"

నాకు నలభై దాటిన వయసు. పుట్టినప్పటినుంచీ ఈ చప్పుళ్ళు వింటున్నాను. ఆ పిల్లకు ఎనిమిది. నా లెక్క నిజమైతే ఆగినకొద్దీ బండ దిగి ఐదుగురూ పోతారు. దాని లెక్క నిజమైతే లేచిన మరుక్షణం నేను పోతాను, బయటికి పరుగెత్తే పిల్లల్లో ఒకరు రెండో మేకుకు పోతారు.

దాన్ని నమ్మాను.

మామను మళ్ళీ ఎత్తే బలం లేదు. ఎడమచెయ్యి పలక మీదుగా పైకి పెట్టి వేళ్ళు ఆడించాను. వెంటనే వచ్చింది. అరచేతి మధ్యలోంచి అటు పోయింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఎముకలు కనిపించాయి.

సుంకులు చూసింది. బొక్కలోంచి దాని గొంతు పగిలిపోయింది. ఏడుస్తూనే చెప్పింది.

"ఇంకొకటి... అత్తా, ఇంకొకటి ఉంది..."

అదే చెయ్యి మళ్ళీ పెట్టాను. రెండోది పెడితే అది కూడా పోతుందని. ఈసారి ఉంగరపువేలు, చిటికెనవేలు తెగి ఎటో ఎగిరిపోయాయి.

"అరవై! అయిపోయినాయి! రండిమే, రండి!"

చిన్నదాన్ని చంకనేసుకుని, మిగతా ముగ్గురిని ముందు నెట్టుకుంటూ సుంకులు బయటపడింది. ఎర్రటి దుమ్ములో ఐదు తలలు. పైన కందిరీగలు వాళ్ళను చూశాయి. వాటి కళ్ళు వాళ్ళవైపు తిరిగాయి. ఏమీ రాలేదు. వాళ్ళు పెద్దగుహలోకి చేరకముందే వెనకాల బండ దిగి బొక్క మూసుకుపోయింది.

బండ 5

చితికిన చేతిని మాబున్నే కోసింది, రాళ్ళు చెక్కే ఉలిని పొయ్యిలో ఎర్రగా కాల్చి. నేను నడుముకు కట్టే తోలుపటకా కొరుకుతూ ఉన్నాను. అది అయ్యాక బయటికి పోయి వాంతి చేసుకుని మళ్ళీ వచ్చి కట్టు కట్టింది.

"ఇంక దాక్కునేది లేదు చౌడక్కా. ఖాళీ అయినప్పుడు అవి ఏం చేస్తాయో చూసినావా? టవరుకు పొయ్యే దారిలో ఆ రెండు కొండల సందులోంచి కిందుగా పోతాయి. మనిషి ఎత్తులో. లెక్క కచ్చితంగా తెలిస్తే, సందు పైన వలతో కూర్చోవచ్చు."

లెక్క కచ్చితంగా చెప్పేవాళ్ళు ఎవరని ఎవరూ అడగలేదు. అందరూ సుంకులు వైపు చూశారు. నేను వద్దన్నాను. అది మాత్రం "అత్త పక్కన కూర్చుంటేనే చెప్తా" అంది.

కావలిగుహ నోట్లో దాని వెనక నేను ఆనుకుని కూర్చున్నాను, గోడకు మోగినవీ మేకులూ తేడా పట్టడానికి దానికి ఎవరూ అడ్డు రాకుండా. మగవాళ్ళు తట్టలు ఊపి వదిలించారు. రెండు వచ్చాయి, నలభై. అది "ఇంకా ఎనిమిది", "ఇంకా మూడు" అంటూ పోయి, "అయిపోయినాయి" అని చెయ్యి ఎత్తింది. రేకు మోగించాం. సందులో తాళ్ళవల పడింది. ఒకటి తప్పించుకుంది. ఒకటి దొరికింది.

మేం పోయేసరికి నలుగురు సమ్మెటలతో దాని రెక్కలు విరగ్గొడుతున్నారు. అది నేలమీద గిరగిరా తిరుగుతోంది. ఒక రెక్కముక్క ఎగిరి ఒకాయన పెదవి చీల్చింది, ఆయన ఆగలేదు. పొట్టలోంచి నల్లటి నూనె కారింది. దాని కన్ను మాత్రం ఇంకా తిరుగుతూ మమ్మల్ని ఒక్కొక్కరినీ చూస్తోంది.

సుంకులు ఎవరినీ అడగకుండా అక్కడ పడున్న చిన్న సుత్తి తీసుకుంది. ఆ కంటి మీద ఒక్కటి వేసింది. గాజు పగిలింది. మళ్ళీ వేసింది. మళ్ళీ. సుత్తి జారి తన మోకాలికే తగిలి నెత్తురొచ్చింది. వేస్తూనే ఉంది.

"తీసేసినా! నిన్ను తీసేసినా! నిన్ను తీసేసినా!"

పెద్దవాళ్ళందరూ సమ్మెటలు దించి నిలబడ్డారు. ఎవరూ దాన్ని ఆపలేదు. నేనూ ఆపలేదు. ఆ కంటి చుట్టూ ఉన్న రేకు సాపై నేలలో కూరుకుపోయేదాకా కొట్టింది. అప్పుడు సుత్తి వదిలేసి నూనెలోనే కూలబడి ఏడ్చింది. వాళ్ళ నాయన పోయిన తర్వాత దాని ఏడుపు మొదటిసారి పూర్తిగా బయటికి వచ్చింది. పొద్దు వాలేదాకా వచ్చింది. నేను కుంటుకుంటూ పోయి పక్కన కూర్చున్నాను.

"టవరు మీద ఆరు ఉంటాయన్నారు గదా" అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "ఆరులో ఒకటి తీసేస్తే ఐదు."

"ఐదు" అన్నాను.

బండ 6

ఐదూ అయిపోయాయి. ఎండాకాలమంతా పట్టింది. ఊరికే కాలేదు. మాబున్ని తమ్ముడు దాదు వల పట్టుకుని సందు పైనుంచి జారి, పడుతున్న కందిరీగ మీదే పడ్డాడు. రెక్క ఆయన్ను నడుం దగ్గర రెండు చేసింది. చివరిదాన్ని టవరు మీదికే ఎక్కి కొట్టారు. ఎక్కినవాళ్ళు ఆరుగురు, దిగినవాళ్ళు నలుగురు.

ఇప్పుడు పగటిపూట కూడా గని మెట్లమీద మనుషులు కూర్చుంటున్నారు. మొదట్లో గోడకు ఆనుకునే కూర్చునేవాళ్ళు. నేను ఊతకర్రతో నడుస్తున్నాను. నా గుహలో సాయంత్రాలు పదిమంది పిల్లలు చేరుతున్నారు. రెట్టింపులు మొదలుపెట్టాను. సగాలు కూడా. రొట్టె విరిచి చెప్తే సగాలు ఇట్టే వస్తాయి.

సుంకులు అన్నీ చేస్తుంది. కానీ ఎవరైనా సుత్తితో కొడుతుంటే దాని పెదవులు కదులుతాయి. పొయ్యిలో కట్టె చిటపటమన్నా కదులుతాయి. బయటికి పోబోయే పిల్లల్ని ఆపి, చప్పుడు ఆగేదాకా చెయ్యి అడ్డం పెడుతుంది. యంత్రాలు లేవని చెప్తే తల ఊపుతుంది. చెయ్యి మాత్రం తీయదు.

బండ 7

ఈ మధ్యాహ్నం ఉన్నట్టుండి చీకటి కమ్మింది. పిల్లలు గుహలో రాళ్ళతో ఆడుతున్నారు. బయట బోర్లించిన రేకుడబ్బా మీద టప్ అంది.

సుంకులు లేచి గుహ నోటికి అడ్డంగా రెండు చేతులూ చాచింది. "ఎవరూ కదలొద్దు!"

టప్. టప్. బండలమీద, రేకుమీద, నీళ్ళబానమీద. పిల్లలు దాని వెనక ముడుచుకుపోయారు. దాని పెదవులు చకచకా కదులుతున్నాయి. ఇరవై దాటింది. నలభై దాటింది. అరవై దాటగానే దాని మొహం పాలిపోయింది.

"అత్తా, మూడు కాదు. ఇంకా ఎక్కువ వచ్చినాయి."

"సుంకూ, ఇటు చూడు..."

"మాట్లాడించొద్దత్తా, తప్పిపోతుంది! ఆరు వచ్చినా నూట ఇరవై. నూట ఇరవై దాటింది. ఇంకా పడుతున్నాయి. ఇవి ఎన్ని వచ్చినాయత్తా? మొత్తం తెలియకపోతే ఎట్ట చెప్పేది?"

అప్పుడు అర్థమైంది నాకు. ఈ గడ్డమీద ఆఖరుసారి వాన పడినప్పుడు అది చంకలో బిడ్డ. వాన ఎట్లుంటుందో దానికి తెలీదు.

నోటితో చెప్తే నమ్మదు. ఊతకర్ర తీసుకుని దాని చేతికింద దూరి బయటికి పోయాను. అది నా చీరకొంగు పట్టుకుని కేక పెట్టింది. కొంగు విడిపించుకుని గని మెట్లమీదికి, నడిమధ్యకు, ఏ చాటూ లేని చోటికి పోయి నిలబడ్డాను. తల మీద, భుజాలమీద, కట్టు విప్పిన మొండి చేతిమీద పడుతోంది. చల్లగా.

"మేకులు కాదుమే. నీళ్ళు. పైనుంచి నీళ్ళు పడుతున్నాయి. దీన్నే వాన అంటారు."

అది నన్ను తేరిపార చూసింది. నేను పడిపోతానని చూస్తోంది. పడలేదు. చాలాసేపటికి ఒక కాలు బయటపెట్టింది. పాదం మీద చినుకు పడగానే లోపలికి లాక్కుంది. పాదం తిప్పి చూసుకుంది. మళ్ళీ పెట్టింది. పిల్లలు వెనకనుంచి తోస్తున్నారు.

నా దగ్గరికి నడిచొచ్చింది, మెడ లోపలికి ముడుచుకుని.

"మొత్తం ఎన్నుంటాయత్తా?"

"తెలీదు."

"నీకు కూడా తెలీదా?"

"ఎవరికీ తెలీదు సుంకూ. వీటిని లెక్కపెట్టే పని లేదు."

వాన పెద్దదైంది. చినుకు చినుకు విడిగా వినపడ్డం మానేసి అంతా ఒకటే మోతైపోయింది. పిల్లలు మమ్మల్ని దాటి అరుచుకుంటూ మెట్లమీదికి ఉరికారు. సుంకులు మాత్రం నా పక్కనే నిలబడి ఇంకా లెక్క పట్టుకునే ఉంది. నూట తొంభై ఒకటి దాకా దాని పెదవులు కదలడం చూశాను. తర్వాత ఆగాయి. తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, నోరు బార్లా తెరిచి వానకు పట్టింది.